మా మామయ్య కొత్త హార్మోనీ

వాద్యాలన్నిటిలోకీ ఎక్కువ తిట్లు తిన్నది హార్మోనీ. వీణ సరస్వతీదేవి ఒళ్ళో వున్నది. పిల్లనగ్రోవికి శ్రీకృష్ణుడున్నాడు. మద్దెలకు నందికేశ్వరుడున్నాడు. చివరికి చిడతలకు కూడా నారదులవారి అండ వున్నది. హార్మోనీని మాత్రం ఏ దేవుడూ చేరదీయలేదు. పండితులకు అది పరదేశి. పామరులకు వట్టి "పెట్టె". అయితే సంగీత సభలో దాన్ని చూసి మొహం తిప్పుకునే పెద్దలే మా కృష్ణాజిల్లా పల్లెల్లో తెల్లవార్లూ పద్యనాటకం చూసి, పొద్దున్నే పళ్ళపుల్ల నోట పెట్టుకుని ఇంటికి పోతూ, "హార్మనిస్టు భలే పట్టాడండీ!" అని మెచ్చుకోవడం నేను చాలాసార్లు విన్నాను.

అటువంటి పెట్టెను, ఈ రోజుల్లో, ఏరికోరి కొత్తగా చేయించుకున్న మనిషి మా మేనమామ. ఆయనది దివిసీమలో నాగాయలంక వైపు ఒక పల్లెటూరు. వయస్సు డెబ్బై దాటింది. యాభై ఏళ్ళుగా నాటకాలకు హార్మోనీ వాయిస్తున్నాడు. నేను గుడివాడలో కాలేజీ పిల్లలకు తెలుగు చెబుతాను. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయాలు మా ఇద్దరికీ జీవనాధారమే. నేను అందులోని పద్యాలను గణాలు విడగొట్టి, యతి ఎక్కడ పడిందో బల్లమీద రాసి చూపిస్తాను. ఆయన ఆ యతి దగ్గర నటుడు ఊపిరి పీల్చుకునేదాకా శ్రుతి తెగకుండా పట్టుకుంటాడు. మా ఇద్దరిలో ఎవరి పాఠం పిల్లలకు గుర్తుంటుందో పాఠక మహాశయులకు వేరే చెప్పనక్కరలేదు.

హార్మోనీ పరదేశి అన్నమాట అబద్ధమేమీ కాదు. 1842లో పారిస్ నగరంలో అలెగ్జాండ్ర్ దెబైన్ అనే ఆయన ఆ పేరుతో హక్కుపత్రం పుచ్చుకున్నాడు. గాలి తగిలి ఒక సన్నని నాలుక ఆడితే స్వరం పలుకుతుందన్న కిటుకు అంతకంటే చాలా పాతది. చైనావాళ్ళ 'షెంగ్' అనే వాద్యంలో వెదురు గొట్టాల అడుగున వుండేవి అటువంటి నాలుకలే. దెబైన్ చేసింది మాత్రం కాళ్ళతో తొక్కే పెద్ద పెట్టె. కుర్చీలో కూర్చుని వాయించాలి. అది దొరలకు బాగానే వున్నది. చాపమీద బాసింపట్టు వేసుకుని కూర్చునే మనకు ఎలా కుదురుతుంది? 1875లో కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ అనే ఆయన దాని కాళ్ళు తీసేసి, తిత్తిని వెనకవైపు పెట్టి, ఒక చేత్తో వూది ఇంకొక చేత్తో వాయించుకునే పెట్టె చేశాడు. ఇప్పుడు భజన మందిరాల్లో మనం చూసేది దాని సంతానమే.

తరవాత కష్టాలు మొదలైనాయి. రవీంద్రనాథ్ ఠాగూరుకు హార్మోనీ గిట్టలేదు. 1940 మార్చి 1 నుంచి ఆకాశవాణి దాన్ని గుమ్మం తొక్కనివ్వలేదు. 1971లో గాని ఆ కట్టడి సడలలేదు. అప్పటికి మా మామయ్య నూనూగు మీసాలవాడు. "ముప్ఫై ఏళ్ళు రేడియోలో వెలి వేస్తే వేశారు గాని, మన వూళ్ళో ఒక్క నాటకమైనా ఆగిందిట్రా?" అంటాడాయన.

ఆగలేదు మరి. తెలుగునాట పద్యనాటకం పుట్టుకే రాగంతో ముడిపడినది. ధార్వాడ నాటక కంపెనీ 1880 ప్రాంతాల్లో మన వూళ్ళు తిరిగి వెళ్ళాక, పాటా పద్యమూ కలిసిన నాటకం జనానికి అలవాటైంది. మైలవరం కంపెనీవంటి సమాజాలు దాన్ని ఊరూరా తిప్పాయి. పద్యాన్ని చదవడం కాదు, పాడాలి. పాడడం కూడా కాదు, ఆఖరి పాదం మీద రాగాన్ని సాగదీసి ఆకాశానికి ఎక్కించాలి. జనం "వన్స్‌మోర్" అంటే మళ్ళీ ఎక్కించాలి. ఆ నటుడికి వెనక ఒక గోడ కావాలి. ఆ గోడే హార్మోనీ.

ఇక్కడే ఒక చిత్రమున్నది. కలకత్తావారు తీసేసిన కాళ్ళను మన నాటకాలవాళ్ళు వదులుకోలేదు. కారణం ఆలోచిస్తే సులువుగానే తోస్తుంది. కాలు హార్మోనీ అయితే రెండు చేతులూ ఖాళీ. కుడిచెయ్యి నటుడి వెంట నడుస్తుంటే, ఎడమచెయ్యి కింది స్థాయిలో షడ్జమ పంచమాలు పట్టుకుని వుంటుంది. రెండోది, గాలి. చేతి తిత్తి చిన్నది. కాలి తిత్తులు పెద్దవి. మైకులు లేని రోజుల్లో వేలమంది జనానికి వినిపించాలంటే ఆ గాలే దిక్కు. మూడోది, ఎత్తు. రంగస్థలానికి పక్కగా కుర్చీ వేసుకుని కూర్చున్న హార్మనిస్టుకు నటుడి పెదవి కనిపిస్తుంది. చాపమీద కూర్చుంటే పంచె అంచు తప్ప ఏమీ కనిపించదు. నటుడి మెడ నరం ఉబ్బిందంటే పై షడ్జమానికి వెళ్ళబోతున్నాడని మామయ్యకు తెలుస్తుంది. అంచేత ఒకచోట సంస్కారమనిపించుకున్నది ఇంకొకచోట కొరత కావచ్చు. ఎవరి కూర్చోబడి వారిది.

మామయ్య పాత పెట్టె మా తాతగారిది. దానికొక కథ వున్నది. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచింది. పదివేలమందికి పైగా పోయారు. ఆ రాత్రి మా అమ్మమ్మగారింట్లో ఏం జరిగిందో మా అమ్మ ఇప్పటికీ పూర్తిగా చెప్పదు. మామయ్యా చెప్పడు. మూడోనాడు నీళ్ళు తీశాక, ఇంటికి నాలుగు చేల అవతల తుమ్మచెట్టు మొదట్లో బురదలో హార్మోనీ పెట్టె దొరికిందన్న సంగతి మాత్రం చెబుతాడు. చెక్క ఉబ్బిపోయింది. తిత్తులు కుళ్ళిపోయాయి. ఇత్తడి రీడ్లు పచ్చగా చిలుము పట్టాయి. మా అమ్మ వాటిని ఒక్కొక్కటీ విప్పి చింతపండుతో తోమిందట. ఇంట్లో వండుకునే గిన్నెలు లేవు; తోమడానికి ఆ రీడ్లే మిగిలాయి. ఆ తరవాత మరొక నలభైయేళ్ళకు పైగా అది పలికింది.

కాని ఏ చెక్కకైనా ఆయుర్దాయం వుంటుంది గదా. ఈమధ్య చెదలు పట్టాయి. గాలి నాలుగువైపులా పోతున్నది. పోయే గాలికి సరిపడా తొక్కాలంటే మామయ్య మోకాళ్ళు ఒప్పుకోవడం లేదు. ఇంటిల్లిపాదీ ఆయనకు సలహాలు చెప్పారు. చేతిపెట్టె కొనుక్కోమని ఒకరు, మానేసి రామకోటి రాసుకోమని ఒకరు. సమాజంవారు మరొక దారి చూశారు. ఒక కుర్రవాడు కీబోర్డు తెచ్చుకుని వస్తాడు. అందులో వేణువున్నది, వయొలిన్ వున్నది, శంఖం వున్నది, ఉరుము కూడా వున్నది. ఒక మనిషికిచ్చే డబ్బుతో పదిమంది పని. "మాస్టారూ, మీరు పెద్దవారు, ముందు వరసలో కుర్చీ వేయిస్తాం, కూర్చుని వినండి" అన్నారు.

ముందు వరస కుర్చీ ఎంత గౌరవమైనదో అంత బరువైనది. మామయ్య ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున్నే పులిగడ్డ దాటి, బస్సులో బందరు వచ్చి, ఒక వడ్రంగి మేస్త్రి ఇంటి అరుగుమీద కూర్చున్నాడు. నాకు ఫోను చేసి, "సెలవే గదా, ఒకసారి రా" అన్నాడు.

బందరులో చేతిపనికి కొదవలేదు. 1910లో ఇక్కడ ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టిన కోపల్లె హనుమంతరావుగారూ వారి మిత్రులూ చదువుతోపాటు చేతికి కూడా పని నేర్పాలని తలచారు. చిలకలపూడిలో గిల్టునగల పనివాళ్ళున్నారు. పక్కనే పెడనలో కలంకారీ అద్దకం వున్నది. మా మేస్త్రి మాత్రం తలుపులూ కిటికీలూ చేసేవాడు. హార్మోనీలు బాగుచేశాడు గాని, కొత్తది ఎన్నడూ చేయలేదు. "పాతది విప్పితే కొత్తది తెలుస్తుంది లెండి మాస్టారూ" అన్నాడు. ఆ మాటతోనే పని మొదలైంది.

పాత పెట్టె విప్పి అరుగుమీద పరచినప్పుడు నేను కూడా చూశాను. రెండు తొక్కుడు పలకలు. ఒక్కొక్కదానికి ఒక్కొక్క తిత్తి. కుడికాలు తొక్కినప్పుడు ఒకటి, ఎడమకాలు తొక్కినప్పుడు ఒకటి పైనున్న పెద్ద తిత్తిలోకి గాలి పంపుతాయి. వచ్చిన గాలి వెనక్కి పోకుండా తోలు రెక్కలు అడ్డుపడతాయి. పెద్ద తిత్తి నెత్తిన స్ప్రింగులుంటాయి. అవి గాలిని ఒకేతీరున అదిమి రీడ్ల గదిలోకి పంపుతాయి. మెట్టు నొక్కితే దాని కింది మూత తెరుచుకుని, గాలి రీడుగుండా పోయి స్వరం పలుకుతుంది. చూడబోతే ఇదంతా మన ఊరి పంటకాలువ సంగతే. చిన్నతిత్తులు ఏతాలు, పెద్దతిత్తి చెరువు, మెట్లు తూములు.

మోకాళ్ళ బాధ పోగొట్టాలని మేస్త్రి మొదట ఒక ఉపాయం పన్నాడు. తొక్కుడు పలక కదిలే దూరం సగం చేసి, తిత్తిని వెడల్పు చేశాడు. కాలు కొద్దిగా కదిలితే చాలు, కావలసిన గాలి వస్తుంది. తీరా తొక్కి చూస్తే రాయి తొక్కినట్టున్నది. దూరం తగ్గితే బరువు పెరిగింది. మామయ్య నవ్వి, "తూకంలో మోసం కుదరదోయ్ మేస్త్రీ. ఒకవైపు తగ్గిస్తే ఇంకొకవైపు పుచ్చుకుంటుంది" అన్నాడు. మేస్త్రి రెండు రోజులు ఆ పలకల వంక చూస్తూ కూర్చుని, తరవాత దీపం వెలిగించి పాత పెట్టె అతుకుల దగ్గరగా తిప్పాడు. ప్రతి అతుకు దగ్గరా దీపం ఊగింది. "మాస్టారూ, మీరు యాభై ఏళ్ళూ తొక్కిన గాలిలో సగం పాటకు పోలేదండీ. ఇదిగో, ఈ సందుల్లోంచి ఊరిమీదకు పోయింది" అన్నాడు. బరువు తగ్గించే దారి కాలి దగ్గర లేదు, అతుకుల దగ్గర వున్నది.

అక్కడినుంచి మేస్త్రి చేసిన సంస్కారాలు నాకు తోచినంతవరకు చెబుతాను. సముద్రపు గాలికి వడ్రంగి వజ్రం చెమ్మగిల్లి అతుకు వదిలేస్తుందని, అతుకులన్నీ మెత్తని తోలు మధ్యన పెట్టి మరలతో బిగించాడు. ఇనుప మరలు ఉప్పుగాలికి తుప్పు పడతాయి గనక అన్నీ ఇత్తడివే వాడాడు. వదులైతే ఎవరైనా సరే మరతిప్పుడుతో బిగించుకోవచ్చు. తొక్కుడు పలకల వాలు మార్చాడు. మడమ కింద ఆనుకోవడానికి ఒక అంచు పెట్టాడు. ఇప్పుడు మోకాలు లేవనక్కరలేదు. చీలమండ ఆడితే చాలు. రీడ్లు మూడు వరసలుండేచోట రెండే పెట్టాడు. మూడోది గాలి తింటుందే గాని, మైకున్న ఈ రోజుల్లో దాని అవసరం లేదు. పెట్టె కాళ్ళకు మడతబందులు వేశాడు. వెనక రెండెడ్ల బండిలో పోయేది, ఇప్పుడు ఆటోలో పట్టాలి మరి.

మైకు సంగతి చెప్పాను గదా. వెనకటి రోజుల్లో పలకలు కిర్రుమన్నా ఎవరికీ వినిపించేది కాదు. ఇప్పుడు మైకు ఆ కిర్రును కూడా పట్టి, ద్రౌపది కన్నీరు పెట్టేవేళ ఊరంతా వినిపిస్తుంది. అంచేత కీలుకీలుకూ ఫెల్టు ముక్కలు వేశాడు. ఎలుకలు దూరకుండా అడుగున సన్న జాలీ కొట్టాడు. చిమ్మటలకు నాఫ్తలీన్ గోలీలు వేసుకునే చిన్న అర ఒకటి పెట్టాడు. ముందువైపు స్వరం బయటికి వచ్చే కిటికీకి మా ఆవిడ పెడన కలంకారీ గుడ్డ తెచ్చి ఇచ్చింది. అది సంగీతానికి ఏం చేసిందో తెలియదు గాని, పెట్టెకు పెళ్ళికూతురి కళ వచ్చింది.

రీడ్లు గుజరాతులోని పాలిటానాలో తయారైనవి తెప్పించారు. ఉప్పెనలో తడిసి చింతపండుతో తోమించుకున్న రీడ్లలో పలికేవి కొన్ని మిగిలితే, వాటిని కింది స్థాయిలో వేయించాడు మామయ్య. ఎందుకని ఎవరూ అడగలేదు.

రీడ్లు శ్రుతి చెయ్యడానికి చిలకలపూడి నుంచి ఒక ఆచారిగారు వచ్చారు. గిల్టునగల పనిలో ఆయన చెయ్యి తిరిగినవాడు. సన్నని ఆకురాయితో రీడు నాలుక కొసను కాస్త గీస్తే స్వరం పెరుగుతుంది. మొదట్లో గీస్తే తగ్గుతుంది. గీసేది వెంట్రుకవాసి, గీసింది మళ్ళీ అతకదు. నగ చేసేవాడి ఓర్పు కావాలి దానికి. ఆయన ఒక్కొక్క రీడూ నోటి దగ్గర పెట్టుకుని వూది, చెవి ఒగ్గి, మళ్ళీ గీస్తూ మూడు రోజులు కూర్చున్నాడు.

అక్కడొక తగువు వచ్చింది. హార్మోనీని పండితులు తిట్టడానికి అసలు కారణం దాని స్వరాల ఎడమే. షడ్జమం నుంచి పై షడ్జమానికి పన్నెండు మెట్లూ సమానంగా పంచి పెట్టారు. శాస్త్రజ్ఞులు ఆ మొత్తాన్ని 1200 సెంట్లుగా లెక్క కడతారు, మెట్టుకు నూరు. ఆ లెక్కన అంతర గాంధారం 400 సెంట్ల దగ్గర పడుతుంది. తంబురలో తనంతట తాను వినిపించే గాంధారం మాత్రం 386 దగ్గర వుంటుంది. తేడా 14 సెంట్లు. ఈ సంగతి నేను చెప్పగానే మామయ్య కళ్ళు పెద్దవి చేశాడు.

"పధ్నాలుగు సెంట్లే! దివిసీమలో అంత నేల వుంటే ఇల్లు కట్టుకుని, వెనక బీరపాదు వేసుకుని, దొడ్లో గేదెను కూడా కట్టుకోవచ్చురా!" అన్నాడు.

ఆచారిగారికి నవ్వాగలేదు. "అయితే మాస్టారూ, గాంధారాన్ని తంబురకు సరిగా దించేస్తాను. ఎంత పని?" అన్నాడు.

మామయ్య నవ్వు మాని కాసేపు ఆలోచించాడు. "దించవచ్చు. అప్పుడు ఏ శ్రుతికి దించుతావు? మా కృష్ణుడు అయిదున్నరలో పాడతాడు. అర్జునుడు నాలుగున్నర. ధర్మరాజుకు ఈమధ్య గొంతు తగ్గి మూడుకు దిగాడు. కృష్ణుడికి నిక్కచ్చిగా శ్రుతి చేస్తే, అదే రీడు ధర్మరాజుకు అపస్వరమవుతుంది. ఒకడికి పూర్తి న్యాయం చేసి తక్కినవాళ్ళకు అన్యాయం చెయ్యడం కంటే, అందరికీ తలా కొంచెం తక్కువ చెయ్యడమే నాటకాలవాడి ధర్మం" అన్నాడు.

మెట్ల పలక మొత్తం పక్కకు జరిపి శ్రుతి మార్చుకునే పెట్టెలు కూడా వున్నాయి గదా అన్నాను. జరిగేవి మెట్లే గాని రీడ్లు కావు, ఆ పెట్టెకు కూడా సమానంగా పంచక తప్పదన్నాడు. నిజమే. బి.ఎ. తరగతికి నేను చెప్పే ధర్మరాజు రాజనీతి కంటే ఈ మాట స్పష్టంగా వున్నది.

పని సాగుతుండగా మా అక్క కొడుకు అమెరికా నుంచి సెలవు మీద వచ్చాడు. వాడుండేది టెన్నెసీ రాష్ట్రంలో, నాష్‌విల్ దగ్గర. కాళ్ళతో తొక్కే పెట్టె చూడగానే వాడికి అక్కడి వాద్యమొకటి గుర్తొచ్చింది. "తాతయ్యా, మా వూళ్ళో గిటారుకు కూడా పెడల్‌లుంటాయి" అని ఫోనులో చూపించాడు. దాని పేరు పెడల్ స్టీల్ గిటారు. బల్లలాగా కాళ్ళమీద నిలబడి వుంటుంది. పది తీగలు. ఎడమచేతిలో ఉక్కు కడ్డీ తీగలమీద జారుతుంటుంది. మన గోటువాద్యం సోదరుడన్నమాట. తీగమీద ఉక్కు జార్చడం పందొమ్మిదో శతాబ్దం చివర హవాయి ద్వీపాల్లో జోసెఫ్ కెకుకు అనే ఆయన పేరుతో ప్రసిద్ధికెక్కింది. తరవాత అమెరికావాళ్ళు దానికి పెడల్‌లు తగిలించారు. పెడల్ తొక్కితే కొన్ని తీగలు బిగిసి స్వరం పైకి సాగుతుంది. 1954లో వెబ్ పియర్స్ పాడిన 'స్లోలీ' అనే పాటలో బడ్ ఐజాక్స్ అనే వాద్యకారుడు, స్వరం మోగుతుండగానే పెడల్ తొక్కి దాన్ని వంచాడు. అది విన్నవాళ్ళంతా తమ గిటార్లకు అలాంటి పెడల్‌లు కావాలన్నారు. ఆ తరవాత మోకాళ్ళతో తోసే మీటలు కూడా వచ్చాయి.

మామయ్య కళ్ళజోడు పెట్టుకుని ఆ పాట మూడుసార్లు విన్నాడు. పక్కన మేస్త్రి కూడా విన్నాడు.

"ఇదిరా గమకమంటే" అన్నాడు మామయ్య చివరికి. "వాళ్ళ కాలు స్వరాన్ని వంచుతుంది. నా కాలు వట్టి గాలి పోస్తుంది. వంచడం నా పెట్టె వల్ల కాదు."

"మరి దీనికి కూడా అలాంటిది పెట్టించకూడదా తాతయ్యా?" అన్నాడు వాడు.

"తీగను బిగించవచ్చు. ఇత్తడి నాలుకను బిగించలేం. దాని వల్ల కానిది దాన్ని అడగకూడదు. నటుడు గమకం వేసేచోట నేను వేలు ఎత్తేస్తాను. ఎడమచేతి షడ్జమం మాత్రం వుంటుంది. గమకం గొంతులోనిదే జనం వింటారు, పెట్టె పలికిందనుకుంటారు."

మేస్త్రి కన్ను మాత్రం మోకాలి మీట మీద పడింది. నాలుగు రోజుల తరవాత వెళ్ళేసరికి పెట్టె అడుగున కుడిమోకాలికి తగిలేలా ఒక చెక్క మీట అమర్చి వున్నది. దాన్ని పక్కకు నెడితే రీడ్ల పైనున్న రెక్క తెరుచుకుని స్వరం పెద్దదవుతుంది. వదిలితే మూసుకుని చిన్నదవుతుంది. అమెరికాలో పందొమ్మిదో శతాబ్దంలో చేసిన కాలు ఆర్గన్లకు ఇటువంటి మోకాలి మీటలుండేవి. మా మేస్త్రికి ఆ సంగతి తెలియదు. ఆయన గిటారు చూసి కనిపెట్టాడు. స్వరాన్ని వంచలేకపోయినా, దగ్గరకు పిలిచి దూరంగా పంపగలిగాడు. మామయ్య దాన్ని నెడుతూ, వదులుతూ, మొదటి రోజు చిన్నపిల్లవాడైపోయాడు.

ఈ ఏడు శివరాత్రికి కొత్త పెట్టె రంగస్థలమెక్కింది. సమాజంవారు మామయ్య మాట తీసెయ్యలేక ఒప్పుకున్నారు గాని, కీబోర్డు కుర్రవాడిని కూడా పిలిపించారు. రంగస్థలానికి ఆ పక్కన అతను, ఈ పక్కన ఈయన. ఊరివాళ్ళంతా కోడిపందెం చూడబోయినట్టు వచ్చారు. నేను గుడివాడ నుంచి ఇద్దరు విద్యార్థులను వెంటబెట్టుకు వెళ్ళాను.

పందెం జరగలేదు. రాయబారం సీను మొదలయ్యేదాకా శంఖాలూ ఉరుములూ కుర్రవాడే మోగించాడు. బాగున్నాయి. కృష్ణుడు పద్యమెత్తుకున్నాడు. కీబోర్డుమీద స్వరాన్ని వంచే చిన్న చక్రం ఒకటి వుంటుంది. ఆ కుర్రవాడు దాన్ని తిప్పి నటుడి గమకాన్ని అచ్చంగా దింపాడు. మామయ్య చెయ్యెత్తి, తల వూపి, "శభాష్" అన్నాడు. నేను చూస్తూనే వున్నాను. అది పైపై మెప్పు కాదు. తన పెట్టె యాభై ఏళ్ళూ చెయ్యలేని పని కళ్ళముందు జరుగుతుంటే విద్వాంసుడికి కలిగే సంతోషం అది. అందులో కొద్దిగా దిగులు కూడా వున్నదేమో.

మూడో పద్యం దగ్గర ధర్మరాజు వేషధారికి గొంతు పట్టేసింది. ఆయనకూ అరవై దాటాయి. మూడు శ్రుతిలో ఎత్తుకున్నవాడు రెండో పాదానికల్లా అర మెట్టు జారాడు. కుర్రవాడు సరైన శ్రుతిలోనే వున్నాడు. సరైన శ్రుతిలో వుండడమే అప్పుడు తప్పైంది. జనంలో ఎవరో నవ్వారు. మామయ్య మోకాలి మీట వదిలి స్వరం దాదాపు వినబడనంత తగ్గించి, నటుడు జారిన చోటికి తానూ దిగి, ఎడమచేత్తో అక్కడొక షడ్జమం పరిచాడు. పక్కకు చూసి కుర్రవాడికి వేళ్ళతో రెండున్నర అని సైగ చేశాడు. అతను చప్పున అందుకున్నాడు. మూడో పాదానికి ధర్మరాజు నిలదొక్కుకున్నాడు. నాలుగో పాదం రాగం సాగుతుండగా మీట మెల్లిగా తెరుచుకుంది. ఆ ముసలి గొంతు వెనక ఉప్పెన చూసిన రీడ్లు నిండుగా పలికాయి. నవ్వినవాడే "వన్స్‌మోర్" అన్నాడో, ఇంకెవరన్నారో తెలియదు. ధర్మరాజు మాత్రం మళ్ళీ పాడలేదు. పెట్టెవైపు తిరిగి దణ్ణం పెట్టాడు.

తిరిగి వచ్చేటప్పుడు నా విద్యార్థులు, "ఏది మంచి వాద్యం మాస్టారూ?" అని అడిగారు. పరీక్షలో ఇచ్చే ప్రశ్నలాగే వున్నది. మేస్త్రి చేసిన మార్పులన్నీ మనసులో వరసగా వేసి చూశాను. అతుకుల తోలు, ఇత్తడి మరలు, మడమ అంచు, ఫెల్టు ముక్క, మోకాలి మీట. వీటిలో ఒక్కటి కూడా వాద్యాన్ని గొప్ప చెయ్యాలని పెట్టింది కాదు. సముద్రపు గాలిలో బతికే ఒక ఇంటికోసం, ఆటోలో వెళ్ళే ఒక సమాజం కోసం, నొప్పి పుట్టే రెండు మోకాళ్ళ కోసం పెట్టినవి. నాష్‌విల్‌లో గిటారుకు పెడల్ తగిలించినవాడు కూడా తన పాటగాడి గొంతు విని తగిలించి వుంటాడు. ఎవరికోసమో తెలిస్తేగాని ఏది మంచిదో చెప్పలేం. పిల్లలకు ఆ మాటే చెప్పాను. సమాధానం పొడుగైందని వాళ్ళు అనుకుని వుంటారు.

ఆ కీబోర్డు కుర్రవాడు ఇప్పుడు వారానికొకసారి అవనిగడ్డ నుంచి మామయ్య దగ్గరకు వస్తున్నాడు. నటుడి మెడ నరం చూడడం నేర్చుకుంటున్నాడట. పెట్టె తొక్కడం మాత్రం అతనికి పట్టుబడలేదు. పట్టుబడింది పక్కింటి పిల్లకు. అయిదో తరగతి చదువుతున్నది. రోజూ సాయంత్రం వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడేదట. ఒకనాడు మామయ్య కుర్చీ ఎక్కించి కూర్చోబెట్టాడు. వేళ్ళు చక్కగా ఆడుతున్నాయి గాని, కాళ్ళు పలకలకు అందలేదు. గాలిలో వేలాడుతున్నాయి. మామయ్య తాను పక్కన కూర్చుని తొక్కుతూ, ఆ పిల్ల చేత సరళీస్వరాలు వాయించాడు.

పోయిన ఆదివారం బందరు నుంచి మేస్త్రి ఒక గుడ్డసంచి తీసుకుని దివిసీమ వెళ్ళాడు. సంచిలో పావుకోళ్ళవంటి రెండు చెక్క ముక్కలున్నాయి. తొక్కుడు పలకలమీద పెట్టి ఇత్తడి మరతో బిగించుకునేవి. పిల్ల ఎదిగినకొద్దీ తగ్గించుకోవడానికి వీలుగా ఒకదానిమీద ఒకటి మూడు పొరలు వేశాడు. మొదటి పొర వచ్చే సంక్రాంతికల్లా తీసెయ్యవలసి వస్తుందని ఆయన అంచనా. డబ్బులివ్వబోతే పుచ్చుకోలేదట.